సిరామిక్ వడపోత పొర

సిరామిక్ వడపోత పొర అనగా మట్టిని గాని, లోహ ఆక్సైడుల పొడిని గాని అచ్చుపోసి, కొలిమిలో కాల్చి తయారుచేసిన, అతి సూక్ష్మ రంధ్రాలు గల గట్టి వడపోత సాధనం. పేరుకు పొర అయినప్పటికీ ఇది వంగదు. సాధారణంగా గొట్టం లేదా పలక రూపంలో ఉంటుంది. ఇళ్ళలో స్టీలు ఫిల్టరు లోపల ఉండే తెల్లని క్యాండిల్ దీనికి దగ్గరి చుట్టమే. ప్లాస్టిక్ పొరలు ఓర్చుకోలేని వేడిని, ఆమ్లాలను, నూనెలను ఇది తట్టుకుంటుంది. ధర ఎక్కువ కావడమే దీని లోపం. ఆ ధరను తగ్గించగల ముడిపదార్థాలలో కొన్ని నెల్లూరు తీరప్రాంతంలో లభిస్తున్నాయి.

చరిత్ర

యురేనియం ఐసోటోపులను వాయురూపంలో వేరుచేయడానికి ఫ్రాన్సులో సిరామిక్ గొట్టాలను అభివృద్ధి చేశారు. 1980వ దశకంలో ఆ పరిజ్ఞానం పాలు, పండ్లరసాల పరిశ్రమలకు చేరింది.

ధర, ముడిపదార్థాలు

శుద్ధమైన అల్యూమినా పొడి ఖరీదైనది. దానితో చేసిన గొట్టాన్ని సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చవలసి ఉంటుంది. దానికి బదులు చీనామట్టి, పలుగురాతి పొడి, ఫెల్‌స్పార్ కలిపి, కణాలు అతుక్కొనడానికి బోరిక్ ఆమ్లం, సోడియం మెటాసిలికేటు వంటివి చేర్చితే 850 నుండి 1000 డిగ్రీలు సరిపోతాయి. గువాహటి ఐఐటీలో ఈ విధమైన చౌక పొరలపై విస్తృతంగా పరిశోధన జరిగింది. రంధ్రాల కోసం సున్నపురాయి పొడి గాని, రంపపు పొట్టు గాని కలుపుతారు. పొట్టు కాలిపోయిన చోట, సున్నపురాయి నుండి బొగ్గుపులుసు వాయువు వెడలిన చోట ఖాళీ మిగులుతుంది. ఇవి ఎక్కువైతే నీరు ధారాళంగా పారుతుంది గాని పొర బలహీనమై పగులుతుంది. తయారీలోని అసలు చిక్కు ఇదే.

పూర్వపు నెల్లూరు జిల్లాలోని గూడూరు అభ్రకపు గనులకు ప్రసిద్ధి. అక్కడ పలుగురాయి, ఫెల్‌స్పార్ కూడా దొరుకుతాయి. కోట, చిల్లకూరు మండలాల సిలికా ఇసుక ప్రధానంగా గాజు పరిశ్రమకు వెళుతుంది.

తీరప్రాంతంలో ఉపయోగం, పరిమితి

కృష్ణపట్నం వద్ద వంటనూనె శుద్ధి కర్మాగారాలు ఉన్నాయి. ఇటువంటి పరిశ్రమల వ్యర్థజలంలోని సన్నని నూనె బిందువులను వేరుచేయడం మట్టి పొరలకు అనువైన పని.

రొయ్యల సాగు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. 1994 నుండి తూర్పు తీరపు చెరువులను దెబ్బతీసిన తెల్లమచ్చ వ్యాధికి కారణమైన వైరస్ సుమారు 100 నానోమీటర్ల వెడల్పు, 300 నానోమీటర్ల పొడవు గలది. మట్టి పొర రంధ్రాలు తరచు 500 నానోమీటర్లకు పైనే ఉంటాయి. అనగా అనేక బాక్టీరియాలను ఆపగలిగిన పొర కూడా ఈ వైరస్‌ను వదిలివేయగలదు. దీనిని ఆపడానికి మట్టి పొరపై మరింత సన్నని రంధ్రాలు గల అల్యూమినా లేక జిర్కోనియా పూత అవసరం. దానితో ఖర్చు మళ్ళీ పెరుగుతుంది. నీటిలో కరిగిన ఉప్పు ఎటూ ఆగదు కాబట్టి ఇది కయ్యనీటిని మంచినీటిగా మార్చదు.

వాయువులను వేరుచేయడం ఇంకా కష్టం. హైడ్రోజన్‌ను నైట్రోజన్ నుండి బాగా విడదీయడానికి ఒక నానోమీటరు కన్నా చిన్న రంధ్రాలు గల సిలికా లేదా జియొలైటు పూత కావాలి. అందులో వెంట్రుకవాసి పగులు ఉన్నా వాయువులు కలిసే బయటపడతాయి. ఇక్కడ మట్టి పొర కేవలం ఆ పూతను మోసే ఆధారంగా మాత్రమే ఉపయోగపడుతుంది.