బీదవాని పక్షమున వాదించువా రెవరు?

న్యాయస్థానముతో మన కేమి పని యని కొంద రనుకొనవచ్చును. కాని మగనిపై నేరము మోపబడిన నాడు వకీలు ఫీజుకై మెడలోని గొలుసు తాకట్టు పెట్టునది యిల్లాలే. కావున నీ విషయము మనకును సంబంధించినదే.

బీదవానికి ప్రభుత్వము న్యాయవాది నిచ్చుట నేడు దయ కాదు, హక్కు. 1976లో రాజ్యాంగ సవరణచే 39ఏ అధికరణము చేరినది. 1979లో హుస్సేనారా ఖాతూన్ వ్యాజ్యెమున, బీహారు కారాగృహములలో విచారణ లేక యేండ్లతరబడి మ్రగ్గుచుండినవారి మొర విని, సుప్రీముకోర్టు ఈ హక్కును చాటెను. 1986లో సుక్ దాస్ అనునాతని శిక్షను కొట్టివేయుచు, ముద్దాయి నోరు తెరచి యడుగకున్నను హక్కు పోదని తీర్పు చెప్పెను.

హక్కు సరే, న్యాయవాదిని కుదుర్చు టెట్లు? జాబితాలోని వకీళ్లకు కేసున కింత యని యిచ్చుట పాత పద్ధతి. ఫీజు తక్కువ, సొంత కక్షిదారుల పనియే ముందు జరుగును, బీదవాని కాగితము కట్ట యడుగున పడియుండును. దీనిని చక్కదిద్దుటకై జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2022లో క్రొత్త పథకము తెచ్చినది. జిల్లాలలో పూర్తికాలపు న్యాయవాదుల కార్యాలయము లేర్పడినవి. ముఖ్య న్యాయవాదికి క్రిమినలు కేసులలో కనీసము 10 ఏండ్ల యనుభవ ముండవలెను. వీరు నెలనెలా వేతనము గొందురు; ప్రైవేటు కేసులు పట్టరాదు.

ఇంగ్లండులో 2013లో వేరొక త్రోవ తలపెట్టిరి. ఎవరు తక్కువకు పాడిన వారికే యీ పని యప్పగింతు మనిరి. న్యాయవాదులు గట్టిగా నెదిరింపగా ఆ యేడే విడిచిరి. వంకాయలు బేరమాడి కొనుటయు, మంత్రసానిని బేరమాడి తెచ్చుటయు నొక్కటియా?

భారతమున ద్రౌపది నిండుసభలో న్యాయ మడిగినపుడు పెద్దలు పెక్కురు మిన్నకుండిరి. వికర్ణుడు పలికెను. జిల్లాజిల్లాకు నొక వికర్ణుడు పుట్టునని కూర్చుండుట తగదు. ఏర్పాటు కావలెను.

అయితే వేతన మొక్కటే చాలదు. ఒక్కనిపై మోయలేనన్ని కేసులు పడిన, పాత కథయే మరల జరుగును. ఇద్దరు ముద్దాయిలు ఒకరిపై నొకరు నేరము నెట్టుకొనునపు డొకే కార్యాలయ మిరువురికి వాదించుట తగునా? ఎన్ని కేసులు ముగిసిన వని గాక, చెరసాలకు పోయి ముద్దాయితో నెన్నిమారులు మాటాడిరి, జామీను దరఖాస్తు నెంత త్వరగా వేసిరి అని లెక్క చూడవలెను.

మీరు మరువరాని దొకటి. 1987 నాటి చట్టములోని 12వ సెక్షను ప్రకారము స్త్రీలకును, పిల్లలకును, నిర్బంధములో నున్నవారికిని, ఆదాయ మెంతైనను, ఉచిత న్యాయసహాయము గలదు. జిల్లాకోర్టులోని న్యాయసేవాధికార సంస్థ నడుగుడు. 15100కు ఫోను చేయుడు. గొలుసు తాకట్టు పెట్టుటకు ముం దీ మాట మీ పొరుగింటామెకు జెప్పుడు.