పక్వ గట్టి చీజ్ దిగుమతి: పాలు గడ్డకట్టిన నాడే తేలిపోయే అర్హత

ఇటలీ దేశపు సుప్రసిద్ధ గట్టి చీజ్ ‘పార్మిజానో రెజ్జానో’ కనీసం 12 మాసాలు పక్వమైన తరువాతనే విక్రయార్హత పొందుతుంది. అయితే ఆ చీజ్ భారతదేశ విపణిలో ప్రవేశించగలదా, లేదా అన్న అంశం ఓడ రేవుకు చేరిన నాడు కాక, తయారీ మొదటి రోజుననే తేలిపోతుంది. పాలను గడ్డకట్టించుటకు వాడిన పదార్థమే ఇందుకు కారణం. ఈ విషయమై తరచు తలెత్తే సందేహాల నివృత్తికై ముఖ్యాంశాలు ఈ దిగువ వివరించడమైనది.

గట్టి చీజ్ అనగా నేమి?

తెలుగు ఇళ్లలో జున్ను అనగా ఈనిన పశువు తొలి పాలతో వండే తీపి పదార్థము. చీజ్ అందుకు భిన్నమైనది. పాలను గడ్డకట్టించి, నీటిని వేరు చేసి, ఉప్పు పట్టించి, మాసాల తరబడి నిల్వ ఉంచగా గట్టి చీజ్ తయారవుతుంది. తురుముకొని వాడే అతి గట్టి చీజ్‌లో తేమ 36 శాతానికి మించరాదనియు, కనీసం 6 మాసాలు పక్వం చేయవలెననియు అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం నిర్దేశిస్తున్నది.

పార్మా, రెజ్జో ఎమీలియా, మోదెనా జిల్లాలలోను, బొలోన్యా, మాంతువా జిల్లాలలోని కొంత భాగంలోను మాత్రమే పార్మిజానో రెజ్జానో తయారవుతుంది. ముందునాటి సాయంత్రపు పాలపై మీగడ తీసి, మరునాటి ఉదయపు పాలను అందులో కలిపి, రాగి పాత్రలలో కాచుతారు. సుమారు 40 కిలోల చక్రం ఒకటి తయారగుటకు దాదాపు 550 లీటర్ల పాలు అవసరమవుతాయి.

అసలు చిక్కు: రెనెట్

లేగదూడ కడుపు నుండి తీసే రెనెట్ అను ఎంజైముతో ఈ పాలను గడ్డకట్టిస్తారు. ఐరోపా సమాఖ్యలో ఈ చీజ్‌కు 1996 నుండి లభిస్తున్న మూలస్థాన రక్షణకు సంబంధించిన నిబంధనల ప్రకారం దూడ రెనెట్ వాడుక తప్పనిసరి.

భారత ఆహార భద్రతా ప్రమాణాల ప్రాధికార సంస్థ నిబంధనలలోని చీజ్ నిర్వచనమేమో ‘జంతు సంబంధము కాని రెనెట్ లేదా తగిన ఇతర పదార్థము’తో పాలను గడ్డకట్టించినదై ఉండవలెనని స్పష్టంగా పేర్కొంటున్నది. అందువల్ల సంప్రదాయ పద్ధతిలో తయారైన పార్మిజానో ఎంత నాణ్యమైనదైనను ఈ నిర్వచనానికి వెలుపలనే నిలుస్తుంది. ఉత్పత్తిదారు సూక్ష్మజీవుల నుండి లభించే ఎంజైమును వాడినచో నిర్వచనంలోనికి వస్తాడు. కాని పార్మిజానో రెజ్జానో అన్న పేరును కోల్పోతాడు. పేరు నిలుపుకొన్నచో విపణి, విపణి కోరుకొన్నచో పేరు వదులుకొనవలసి రావడమే ఈ వ్యవహారంలోని కీలకాంశము.

పాలు, పాల పదార్థాలు శాకాహారంగా పరిగణింపబడే మన దేశంలో, ఆకుపచ్చ గుర్తును నమ్మి కొనుగోలు చేసే వినియోగదారుని విశ్వాసానికి ఈ నిబంధన అండగా ఉన్నది.

దిగుమతి క్రమము

జంతు సంబంధ ఉత్పత్తుల దిగుమతిని 1898 నాటి పశు దిగుమతి చట్టం (2001లో సవరించబడినది) నియంత్రిస్తున్నది. కేంద్ర పశుసంవర్ధక, పాడిపరిశ్రమ శాఖ నిబంధనల మేరకు ఎగుమతి దేశపు పశువైద్య అధికారుల ధ్రువీకరణ అవసరము. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నైలతో పాటు హైదరాబాదు, బెంగళూరులలోను జంతు క్వారంటైన్ కేంద్రాలు ఉన్నవి.

పాల ఉత్పత్తులను పంపే విదేశీ తయారీ కేంద్రాలు ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు కావలెనన్న నిబంధన 2023 ఫిబ్రవరి 1 నుండి అమలులోకి వచ్చినది. దిగుమతిదారు ఆహార లైసెన్సుతో పాటు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ జారీ చేసే దిగుమతి, ఎగుమతి కోడ్ సంఖ్యను కలిగి ఉండాలి. సరుకు చేరిన తరువాత పత్రాల పరిశీలన, ప్రత్యక్ష తనిఖీ, నమూనాల సేకరణ, ప్రయోగశాల పరీక్ష వరుసగా జరుగుతాయి.

లేబుల్, గడువు

2017 నాటి ఆహార దిగుమతి నిబంధనల ప్రకారం సరుకు విడుదల నాటికి వినియోగ గడువులో 60 శాతం గాని, 3 మాసాలు గాని, ఏది తక్కువైన అంత కాలం మిగిలి ఉండవలెను. ఉదాహరణకు 10 మాసాల గడువు గల ప్యాకెట్టుకు 3 మాసాలు, 120 రోజుల గడువు గల ప్యాకెట్టుకు 72 రోజులు మిగిలి ఉంటే చాలును. దిగుమతిదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, శాకాహార లేదా మాంసాహార గుర్తు వంటి లోపాలను సుంకాల గిడ్డంగిలోనే స్టిక్కరు అతికించి సవరించుకొనవచ్చును. ఏ రెనెట్ వాడినదన్న అంశాన్ని మాత్రం ఏ స్టిక్కరూ మార్చజాలదు.

పన్నులు, ఒప్పందాలు

దిగుమతి విలువపై మూల సుంకం విధించి, ఆ మొత్తంపై సమీకృత వస్తు సేవల పన్ను లెక్కిస్తారు. చీజ్‌పై ఈ పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 12 శాతం నుండి 5 శాతానికి తగ్గినది. పాడి రైతుల జీవనోపాధి దృష్ట్యా 2022 డిసెంబరు 29న అమలులోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందంలోను, 2025 జులై 24న సంతకాలు జరిగిన బ్రిటన్ ఒప్పందంలోను పాడి ఉత్పత్తులకు భారతదేశం సుంకపు రాయితీ ఇవ్వలేదు.

గమనించదగిన అంశము

‘పార్మెజాన్’ అను పేరుతో లభించే ప్రతి చీజ్ పార్మిజానో రెజ్జానో కాదు. ఆ పేరు రక్షిత నామాన్ని స్ఫురింపజేస్తున్నదని ఐరోపా న్యాయస్థానం 2008 ఫిబ్రవరి 26న పేర్కొన్నది. అమెరికాలో మాత్రం అది సాధారణ నామంగానే వాడుకలో ఉన్నది. కనుక వార్తలలోను, తనిఖీ నివేదికలలోను చీజ్ పేరుతో పాటు తయారీ దేశము, వాడిన రెనెట్ రకము పేర్కొనుట శ్రేయస్కరము. దిగుమతిదారులు సైతం ధర మాట్లాడుకొనుటకు ముందే రెనెట్‌ను గూర్చి ఉత్పత్తిదారు నుండి లిఖితపూర్వక ధ్రువీకరణ పొందినచో, ఏళ్ల తరబడి పక్వమైన సరుకు రేవులో తిరస్కరణకు గురయ్యే నష్టాన్ని నివారించుకొనగలరు.