బండి నంబరు చెప్పే కథ

మా మనవడికి బొమ్మరాజ్యాలు గీయడం సరదా. కాగితం మీద ఓ నదీ, నాలుగు జిల్లాలూ గీసి, జిల్లాకో అంకె చొప్పున బళ్ళకు నంబర్లు వేస్తాడు. మొన్న వాణ్ణి రామదర్శనానికి భద్రాచలం తీసుకువెళ్ళాను. దర్శనమయ్యాక గోదావరి వంతెన దగ్గర టీకొట్టులో కూర్చున్నామో లేదో, వాడు బళ్ళ నంబర్లు చదవడం మొదలుపెట్టాడు.

"ఒకే ఊళ్ళో ఇన్ని రకాలేమిటి తాతయ్యా?"

నిజమే! పాత ఆటోకు ఏపీ 20. అది ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం గుర్తు. స్కూటరుకు టీఎస్ 04. 2014లో తెలంగాణ వచ్చాక ఖమ్మానికి ఇచ్చినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా కాగా టీఎస్ 28 వచ్చింది. 2024 మార్చి నుంచి కొత్తబళ్ళకు టీఎస్ పోయి టీజీ అయింది. అడవి దారిన చింతూరు నుంచి దిగే లారీల మీద ఛత్తీస్‌గఢ్ వారి సీజీ, ఒడిశా వారి ఓడీ కూడా కనిపించాయి.

ఊరు కదలలేదు, ఏలుబడే మారుతూ వచ్చింది. 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువారికి, 1874లో గోదావరి జిల్లాకు, 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి! రాములవారు మాత్రం గుట్ట దిగలేదు. అయితే ఆయన గుడి తెలంగాణలో, పురుషోత్తపట్నం పొలాలు ఆంధ్రలో!

మా మాటలు వింటున్న ఓ పెద్దాయన నవ్వాడు.

"మాది ఈ పక్కనే, ఎటపాక. 2014లో పోలవరం కోసమని మా ఊరిని ఆంధ్రలో కలిపారు. నా బండిమీద ఖమ్మం నంబరే ఉంది. బండి ఖమ్మందీ, నేను ఆంధ్రావాణ్ణీ! ఇంట్లో జబ్బు చేస్తే భద్రాచలం ఆసుపత్రికే వస్తాం. జిల్లా కచేరీ అంటే మాత్రం 2014లో కాకినాడ అన్నారు, 2022లో పాడేరు అన్నారు. ఎన్ని కొండలు దాటాల్సి వచ్చిందో మీరే లెక్కవేయండి!"

ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతోంది. మరి బండి ఇంటిముందే ఉండగా సరిహద్దే వచ్చి దాన్ని దాటిపోతే? 2019 నుంచి ఆంధ్రలో జిల్లాకో అంకె పోయి, రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 ఇచ్చారు. ఇక అక్కడి కొత్తబండిని చూసి ఏ జిల్లాదో చెప్పలేం. పెద్దాయన పాతబండి మాత్రం తన ఊరు ఒకప్పుడు ఎవరిదో ఇంకా చెబుతూనే ఉంది.

తిరుగుప్రయాణంలో మనవడు తన రాజ్యం తీసి, ఓ గీత చెరిపి మళ్ళీ గీశాడు.

"ఏమిట్రా అది?"

"ఆసుపత్రి ఎటువైపుందో చూసుకోకుండా గీశాను తాతయ్యా!"