27 ఏళ్లకే ఆగిన పరుగు

విశాఖలోని పాత రైల్వే కుటుంబాలకు 'బి.ఎన్.ఆర్.' అన్న మాట కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే పోయి 1955లో ఆగ్నేయ రైల్వే వచ్చింది. 2003లో మన వాల్తేరు డివిజన్ తూర్పు కోస్తా రైల్వేలోకి మారింది. రైల్వే పేరు మారినా ఆ మూడక్షరాలు మాత్రం కలకత్తా మైదానాల్లో ఒక ఫుట్‌బాల్ జట్టు పేరుగా చాలాకాలం నిలిచాయి. 1963లో ఆ జట్టులో చేరిన ఒక ఫార్వర్డ్ ఆటగాడి గురించి మన యౌవనస్థులు, వారికంటే ముఖ్యంగా వారి తలిదండ్రులు తెలుసుకోవాలి. ఆయన పేరు తులసీదాస్ బలరాం.

1936లో సికింద్రాబాదు కంటోన్మెంటు పక్కనున్న అమ్ముగూడలో పుట్టారు. తలిదండ్రులు తమిళులు. ఇంట్లో లేమి. ఆటలు అన్నం పెడతాయా అని మన ఇళ్లలో ఇవాళ్టికీ వినబడే ప్రశ్న ఆ ఇంట్లోనూ ఉండేది. కొత్త బూట్లు కొనే స్తోమత లేక, పాత పోలీసు బూట్ల తోలుతో చెప్పులు కుట్టే అతని దగ్గర ఒక జత కుట్టించుకున్నానని బలరాం పెద్దయ్యాక చెప్పుకునేవారు.

ఆ పిల్లవానిలోని తలాంతును కనిపెట్టిన వ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తి రీత్యా ఉపాధ్యాయుడు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు, భారత జట్టుకు శిక్షకుడు. అంత దూరం రోజూ రావడానికి డబ్బు లేదని కుర్రవాడు చెబితే, సైకిలు అద్దెకు తానే డబ్బిచ్చేవారట రహీం సాబ్. అదేమంత పెద్ద మొత్తం కాదు. కాని మన సంఘాలలో ఎందరు పిల్లల చదువులు, పాటలు, ఆటలు ఇలాంటి చిన్న ఖర్చు దగ్గరే ఆగిపోతున్నాయో పెద్దలు ఒకసారి ఆలోచించాలి.

తరువాతి అడుగులు చకచకా పడ్డాయి. 1956లో హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు బలరాం అందులో ఉన్నారు. ఆ సంవత్సరమే మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు ఎంపికయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 20. అక్కడ మనవారు ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతదూరం వెళ్లిన మొదటి ఆసియా జట్టు మనదే. చివరకు నాలుగవ స్థానం దక్కింది.

1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్లారు. 1961లో ఆయన నాయకత్వంలోనే ఆ క్లబ్బు కలకత్తా లీగు గెలిచింది. భారత జట్టులో పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం, ఈ ముగ్గురి పేర్లు కలిపే చెప్పేవారు. బలరాం ప్రత్యేకత ఏమంటే, ముందు వరుసలో ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడగలరు. చునీకి చోటివ్వడానికి ఎడమ అంచుకు జరగాల్సి వస్తే జరిగేవారు. గోలు కొట్టినవాని పేరు పత్రికలో వస్తుంది గాని, పక్కకు జరిగి దారి ఇచ్చినవాని పేరు రాదు. జట్టు ఆటలోని ఈ గుణం నాకు గోళ్లకంటే విలువైనదిగా తోస్తుంది.

గోళ్లు మాత్రం తక్కువా? 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీతో మన జట్టు 2-1 తేడాతో ఓడింది. ఆ ఒక్క గోలు బలరాందే. అవతలి జట్టులో ఉన్న ఫ్లోరియన్ ఆల్బర్ట్ 1967లో ఐరోపా ఉత్తమ ఆటగాడయ్యాడు. అంతటివారితో తలపడిన జట్టు మనది! పెరూ మీద కూడా మన ఏకైక గోలు బలరాం కొట్టిందే.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. తరువాత థాయిలాండ్‌ను, జపాన్‌ను గెలిచారు. జపాన్ మీద రెండు గోళ్లలో ఒకటి బలరాందే. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడితే, ఆయనను రహీం ముందు వరుసలో ఆడించారు. స్టేడియం నిండా ఉన్న జనం మనవారికి వ్యతిరేకంగా కేకలు వేస్తుండగా, సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించారు. పి.కె. ఒక గోలు, తలకు కట్టుతో ఉన్న జర్నైల్ ఒక గోలు. రహీం సాబ్ అప్పటికే క్యాన్సరుతో ఉన్నారు. 1963 జూన్‌లో ఆయన కన్నుమూశారు.

ఆ సంవత్సరం బలరాంకూ మంచిది కాలేదు. అర్జున పురస్కారం అందుకున్న మరుసటి ఏడాది అది. బి.ఎన్.ఆర్.లో చేరారు, రైల్వే ఉద్యోగం దొరికింది, జట్టు ఐ.ఎఫ్.ఏ. షీల్డు కూడా గెలిచింది. అంతలో ప్లూరసీ పట్టుకుంది. ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే వాపు అది. పరుగెత్తేవానికి ఊపిరే ఆస్తి గదా. 27వ ఏట ఆట మానుకోవలసి వచ్చింది.

ప్రియ చదువరులారా, ఇక్కడే నా మనస్సు ఆగిపోతుంది. తలాంతును భూమిలో పాతిపెట్టినవాని సంగతి ఆదివారపు ప్రసంగాలలో చాలాసార్లు విన్నాం. నమ్మకంగా వాడుకుంటున్న తలాంతు చేతిలోనుండి జారిపోయినవాని సంగతి అంతగా వినం. స్టీల్ ప్లాంటులో ప్రమాదం వల్ల పని మానుకున్నవారు, పోర్టులో నడుము దెబ్బతిని ఇంటికి చేరినవారు మన సంఘాలలో కూడా ఉన్నారు. వారిని పరామర్శించడం మొదటి నెల జరిగినంతగా ఆరవ నెల జరగదు.

బలరాం ఆట మానినా మైదానం విడువలేదు. పిల్లలకు శిక్షణ ఇచ్చారు, కొత్త ఆటగాళ్లను గుర్తించారు. వివాహం చేసుకోలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలో నివసించారు. ఆయన్ని పరిశుద్ధునిగా చూపడం నా ఉద్దేశం కాదు. మనస్సులో చేదు ఉండేది, దాన్ని ఆయన దాచుకోలేదు. చునీకి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ వచ్చింది. ఈయనకు రాలేదు. తాను పోయాక తన దేహాన్ని ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు తీసుకుపోవద్దన్నారు. అంత మాట అనడానికి లోపల ఎంత గాయం ఉండాలి! ఆ చేదును తప్పుబట్టడం సులభం. దానికి కారణం కాకుండా ఉండడం మన చేతిలో పని.

2020లో పి.కె., చునీ ఇద్దరూ నెల పదిరోజుల తేడాలో వెళ్లిపోయారు. 2023 ఫిబ్రవరి 16న బలరాం కలకత్తాలో కన్నుమూశారు. ఆట ఆగిన తరువాత ఆయన బ్రతికింది 59 ఏళ్లు.

సికింద్రాబాదు నుండి బొల్లారం వైపు లోకల్ రైలులో వెళ్లేవారికి దారిలో అమ్ముగూడ అనే చిన్న స్టేషను తగులుతుంది. పోలీసు బూట్ల తోలుతో కుట్టిన ఆ జత నడిచిన నేల అదే. రైలు అక్కడ ఎక్కువసేపు ఆగదు.