ఫిజియోథెరపిస్టు నమ్మకాన్ని కొలవవచ్చా?

నడుము నొప్పి వస్తే మంచం దిగవద్దని ఒకప్పుడు చెప్పేవారు. ఫిన్లాండులోని హెల్సింకిలో కొత్తగా నడుము నొప్పి వచ్చిన 186 మందిని పరిశీలించి 1995లో ఫలితాలు ప్రకటించారు. పడుకున్నవారికంటే, ఓర్చుకోగలిగినంతవరకు మామూలు పనులు చేసుకున్నవారే త్వరగా కోలుకున్నారు. మరి "చదివినదే శాశ్వతం" అనుకునే ఫిజియోథెరపిస్టు తన సలహా మార్చుకుంటారా? అందుకే జ్ఞానం గురించి వారి నమ్మకాలను కొలుస్తారు.

ఇందుకు ప్రశ్నావళి వాడతారు. 1990లో అమెరికాలో మార్లీన్ షోమర్ విద్యార్థుల కోసం ప్రచురించిన దానిలో 63 వాక్యాలున్నాయి. "జ్ఞానం మారదు" వంటి వాక్యాన్ని ఎంతవరకు ఒప్పుకుంటారో అంకెతో గుర్తించాలి.

వేరే దేశంలో వాడాలంటే అనువాదం ఒక్కటే చాలదు. ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు. మూలం చూడని మరికొందరు దాన్ని తిరిగి మూలభాషలోకి మారుస్తారు. తేడాలు సరిదిద్ది, కొందరు ఫిజియోథెరపిస్టులకు ఇచ్చి ఏమర్థమైందో అడుగుతారు. "నిపుణుల మాటను ప్రశ్నించవచ్చు" అంటే, గురువుపై గౌరవంతోనే ఒకరు "కాదు" అనవచ్చు. ప్రశ్నలు రెండుచోట్లా ఒకే సంగతిని కొలుస్తున్నాయని తేలాకే మార్కులు పోల్చాలి.

కాబట్టి వ్యాయామం చెప్పినప్పుడు "ఇది ఎందుకండీ?" అని అడగండి. నిరుటి సలహా ఈసారి మారితే కంగారుపడక కారణం తెలుసుకోండి. నడుము నొప్పితో కాళ్లు చచ్చుబడినా, మూత్రం ఆగిపోయినా మాత్రం వెంటనే డాక్టరుకు చూపించండి.