పిడి విడిచినను తగ్గని వేగము

ఎన్.టి.ఆర్. జిల్లా గంపలగూడెం మండలమున, కట్టలేటికి చేరువనున్న వినగడప గ్రామమున, తిరువూరునకు పనిమీద పోవలసినవాడును, మామిడితోట చూచి రావలసినవాడును, పత్తిచేనికి పురుగుమందు చేరవేయవలసినవాడును సమానముగా నమ్ముకొన్నది మోటారుసైకిలునే. వేసవిలో డొంకదారుల దుమ్మునకును, వానకాలమున కట్టలేరు పొంగి తోటమూల వైపు రాకపోకలు నిలిచిపోవునప్పటి తడికిని ఓర్చుకొని తిరుగు ఆ వాహనమునకు వచ్చు రుగ్మతలలో, ముందుగా హెచ్చరింపక ఒక్కసారిగా ప్రాణముమీదికి తెచ్చునది ఎక్సలేటర్ పట్టివేయుట. కుడిచేతి పిడిని విడిచినను అది వెనుకకు రాదు. వేగము తగ్గింపవలెనని చోదకుడెంత సంకల్పించినను ఇంజను విననొల్లదు.

ఇది యేల సంభవించునో తెలియవలెనన్న ఆ పిడి చేయు పనిని కొంచెము నెమ్మదిగా పరిశీలింపవలెను. పాత బండ్లలో ఇంజనునకు గాలియు పెట్రోలును ఎంత పోవలెనో నిర్ణయించునది కార్బొరేటరులోని స్లైడు. పిడిని తిప్పినపుడు, గొట్టమువంటి తొడుగులో నడచు సన్నని ఉక్కుతీగ ఆ స్లైడును పైకి లాగును. పిడిని విడిచినపుడు మాత్రము మన చేయి చేయునదేమియు లేదు. స్లైడుపై కూర్చున్న చిన్న స్ప్రింగే దానిని క్రిందికి త్రోసి, తీగను లాగికొని, పిడిని యథాస్థానమునకు చేర్చును. తెఱచుటకు మనుష్యుని మణికట్టు బలము తోడుండగా మూయుటకు ఒక్క స్ప్రింగే దిక్కు. కావున ఈ మార్గమున ఎక్కడనో పుట్టిన స్వల్పమైన రాపిడి తెఱచునపుడు మనకు తెలియకయే పోవును, మూయునపుడు బయటపడును. తొడుగులో తీగ నడిపించు ఈ ఉపాయమునకు బ్రిటనులో 1896వ సంవత్సరమున పేటెంటు పొందినవాడు ఎర్నెస్ట్ బౌడన్. మొదట సైకిలు బ్రేకులకు ఉపకరించిన ఆ తీగయే నేటికిని మన బండ్ల క్లచ్చిని, ఎక్సలేటరును నడుపుచున్నది. కొన్ని పెద్ద మోటారుసైకిళ్లకు మూయుటకు గూడ ప్రత్యేకముగా రెండవ తీగ నమర్చిరి. ఆ దూరదృష్టి చిన్న బండ్లకును ప్రాప్తించి యుండిన బాగుండెడిది.

దారిలో ఉండగా పిడి పట్టివేసినచో ముందు క్లచ్చి పట్టవలెను. ఇంజనునకును చక్రమునకును సంబంధము తెగినంతనే బండి ముందుకు దూకుట మానును గాని, భారము తప్పిన ఇంజను ఘోరముగా అఱచును. ఆ అఱపునకు బెదరి క్లచ్చి వదలుటయే అసలు ప్రమాదము. హ్యాండిలుపై ఇంజను నాపు ఎఱ్ఱని స్విచ్చి యున్నచో దానిని నొక్కవలెను. లేనిచో తాళపుచెవిని ఆఫ్ వఱకే త్రిప్పవలెను గాని, హ్యాండిలు లాకు పడు చోటికి పోనీయరాదు. క్లచ్చి పిడి లేని స్కూటర్లకు ఇట్లు ఇంజను నాపుటయే మార్గము. పిదప బ్రేకులతో నెమ్మదిగా రోడ్డు అంచునకు చేరవచ్చును.

బండి ఇల్లు చేరిన తరువాత పిడి మొదట నాలుగు చుక్కల నూనె పోయుట మనవారికి అలవాటైన చికిత్స. రెండు దినములు అది పని చేసినట్లే తోచును. ఆ నూనెకు దుమ్ము పట్టి ముద్దయైన పిమ్మట వ్యాధి ముదురును. నూనె డబ్బా వెదకుటకు ముందు దోషము పిడిలో నున్నదా, తీగలో నున్నదా, కార్బొరేటరులో నున్నదా తేల్చుకొనుట మేలు. ఇంజను నాపి, తీగ చివరను కార్బొరేటరు నుండి విడదీసి చూచినచో సగము సంగతి తేలిపోవును. స్లైడును వ్రేలితో పైకెత్తి విడిచినపుడు అది టక్కున పడినచో కార్బొరేటరు నిర్దోషి. ఆ మీదట తీగ రెండవ చివరను గూడ పిడి నుండి తప్పించి, ఒంటరి పిడిని త్రిప్పి చూడవలెను, ఒంటరి తీగను తొడుగులో ఇటునటు లాగి చూడవలెను. ఏది బిగువుగా కదలునో అదియే అపరాధి.

పిడి అపరాధియైనపుడు కారణము తఱచుగా అల్పమైనది. రబ్బరు తొడుగు లోపలికి జరిగి స్విచ్చి పెట్టెకు రాచుకొనుటయో, అందము కొఱకు తగిలించిన స్పాంజి తొడుగు బిగుసుకొనుటయో, బండి పడినపుడు హ్యాండిలు గొట్టము సొట్టపడుటయో అయి యుండును. స్లైడు అపరాధియైనచో నెలల తరబడి నిలిచిన పెట్రోలు ఆవిరియై మిగిల్చిన జిగురో, అరిగిన స్లైడు అంచో, చేతిబలము చూపి కార్బొరేటరు బోల్టులను మితిమీఱి బిగించుటచే వంకరపోయిన దాని దేహమో కారణము. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.6 నిబంధనల పిమ్మట వచ్చిన బండ్లలో మిక్కిలి భాగమునకు కార్బొరేటరు బదులు ఇంజెక్షను వచ్చినది. అయినను అందు తీగతో నడచు బండ్లకు ఈ పరీక్షయే చెల్లును, స్లైడునకు మాఱుగా గాలిదారిలోని రేకును, దాని చుట్టు పేరుకొన్న మసిని చూడవలెను.

వాగునీటిలో తఱచు తడియు బండ్లకు నేను మొదట శంకించునది తీగనే. తొడుగులో దిగిన నీరు తుప్పు పుట్టించును. వంపుల యొద్ద పోగులొక్కొక్కటిగా తెగి తొడుగు గోడను గీరుచుండును. పోగు తెగిన తీగకు నూనె పోయుట వృథా. అది మార్చవలసిన వస్తువు, వెల గూడ స్వల్పమే. క్రొత్తదానిని పాతదాని దారినే, టాంకు క్రింద నలగకుండ, హ్యాండిలు మలుపునకు చాలినంత వదులుగా నడిపింపవలెను.

అన్నియు బిగించిన పిదప పిడియందు కొలది మిల్లీమీటర్ల ఖాళీ తిరుగుడు మిగిలి యుండవలెను. సామాన్యముగా 2 నుండి 6 మిల్లీమీటర్లు చాలును. అప్పుడు బండిని న్యూట్రలులో ఉంచి, సెంటరు స్టాండు వేసి, ఇంజను నడచుచుండగా పిడి ముట్టక హ్యాండిలును ఎడమకును కుడికిని చివరివఱకు త్రిప్పి చెవియొగ్గి వినవలెను. త్రిప్పినపుడు ఇంజను వేగము పెరిగినచో తీగ ఎక్కడనో బిగుసుకొన్నదని యర్థము; టాంకు మరల విప్పవలసినదే.