అమ్మ మింగిన మాత్ర, కూతురికి వచ్చిన జబ్బు

కాన్పు గది బయట నిలబడ్డవాళ్లు నన్నడిగే మాట ఒకటే: "బిడ్డకు అన్నీ సరిగ్గా ఉన్నాయా డాక్టరమ్మా?" ఉన్నాయంటాను. భీమవరంలో గైనకాలజిస్టుగా ప్రాక్టీసు పెట్టినప్పటి నుంచీ ఇదే జవాబు. అయితే పుట్టిన రోజు కంటికి కనిపించేది కొంతే. మిగతాది తేలడానికి ఒక్కోసారి 20 ఏళ్లు పడుతుంది. వైద్యులకు ఆ సంగతి నేర్పింది అమెరికాలోని బోస్టన్ నగరం.

1966-69 మధ్య అక్కడి మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కు ఏడుగురు అమ్మాయిలు యోనిలో క్యాన్సర్‌తో వచ్చారు. అందరి వయసూ 15కీ 22కీ మధ్యే. ఆ భాగంలో క్యాన్సర్ రావడమే అరుదు, వచ్చినా ఏభై దాటినవాళ్లకే. డాక్టర్లు ఆర్థర్ హెర్బ్‌స్ట్, హోవర్డ్ అల్ఫెల్డర్ కారణం కోసం వెతుకుతుండగా ఒక తల్లి అడిగింది, తాను కడుపుతో ఉన్నప్పుడు వేసుకున్న స్టిల్‌బెస్ట్రాల్ మాత్రలకూ దీనికీ సంబంధం ఉందా అని. అల్ఫెల్డర్‌కు మొదట నమ్మకం కుదరలేదు. అయినా మిగతా తల్లులనూ అడిగారు.

మరో ఆస్పత్రిలోని కేసు కూడా కలిపితే ఎనిమిది మంది. వాళ్లలో ఏడుగురి తల్లులు ఆ మందు వాడారు. ఒక్కో అమ్మాయికి పోలికగా, అదే ఆస్పత్రిలో అయిదు రోజుల తేడాతో పుట్టిన నలుగురిని తీసుకుని, మొత్తం 32 మంది తల్లులను విచారించారు. అందులో ఒక్కరూ వాడలేదు. 1971 ఏప్రిల్‌లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఆ వివరాలు అచ్చువేసింది. నవంబరు కల్లా గర్భిణులకు ఇవ్వొద్దని అక్కడి ప్రభుత్వం డాక్టర్లను హెచ్చరించింది.

ఇంతకీ ఏమిటా మందు? డై ఇథైల్ స్టిల్‌బెస్ట్రాల్, పొట్టిగా డీఈఎస్. స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్‌లా పనిచేసే పదార్థం. లండన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం 1938లో తయారుచేసింది. పేటెంట్ లేదు, తయారీ చవక. దాంతో కంపెనీలు ఎగబడ్డాయి. గర్భస్రావం కాకుండా ఆపుతుందని హార్వర్డ్‌కు చెందిన స్మిత్ దంపతులు గట్టిగా చెప్పారు. 1947 నుంచి అమెరికాలో గర్భిణులకు అధికారికంగానే రాశారు. ఏ ఇబ్బందీ లేని గర్భిణులు కూడా వాడాలంటూ 1950లలో ప్రకటనలు వచ్చాయి.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆ మందు అసలు పని చేయదని 1953లోనే తేలింది. షికాగో విశ్వవిద్యాలయంలో విలియం డీక్‌మన్ 1,600 మందికి పైగా గర్భిణులలో సగం మందికి డీఈఎస్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. గర్భస్రావాలేమీ తగ్గలేదు. ఆ తర్వాత కూడా 18 ఏళ్లు చీటీల మీద ఆ మందు పేరు రాస్తూనే పోయారు. లాభం లేని మాత్రకు నష్టం ఎందుకు వెతకాలనుకున్నారో, అసలు ఆ ఆలోచనే రాలేదో!

కడుపులో జరిగేదేమిటంటే, పిండానికి ఆరు వారాలొచ్చేదాకా జననాంగాల్లో ఆడా మగా తేడా కనిపించదు. ఇద్దరిలోనూ రెండేసి జతల సన్నని గొట్టాలుంటాయి. మగపిండంలో వృషణాలు ఏర్పడి టెస్టోస్టిరాన్ వంటి హార్మోన్లు ఊరడం మొదలైతే ఒక జత నిలిచి వీర్యం వచ్చే దారులవుతుంది, రెండోది కరిగిపోతుంది. ఆడపిండంలో ఆ రెండో జతే కలిసిపోయి గర్భసంచి, దాని ట్యూబులు, యోని పైభాగం అవుతాయి. ఏది నిలవాలో, ఏది ఏ ఆకారానికి రావాలో చెప్పేవి రవ్వంత హార్మోన్లు, వాటి మాట వినే జన్యువులు. తల్లి ఒంట్లో సహజంగా ఉండే ఈస్ట్రోజెన్‌ను రక్తంలోని ప్రొటీన్లు చాలావరకు పట్టి ఉంచుతాయి. డీఈఎస్ ఆ పట్టుకు అంతగా చిక్కదు. మాయ దాటి బిడ్డను చేరుతుంది.

మామిడి పూత మీద ఉన్నప్పుడు నాలుగు రోజులు మంచు పట్టిందనుకోండి, చెట్టు పచ్చగానే ఉంటుంది, కాపు పోతుంది. ఇదీ అంతే. తల్లికి అప్పటికేమీ కాలేదు.

క్యాన్సర్ వచ్చింది ఆ కూతుళ్లలో సుమారు వెయ్యికి ఒకరికే. పిల్లలు కనే వయసు వచ్చాక బయటపడ్డవి అంతకంటే ఎక్కువ. కొందరి గర్భసంచి లోపలి భాగం ఇంగ్లీషు టీ అక్షరంలా సన్నబడింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థకు చెందిన రాబర్ట్ హూవర్ బృందం 2011లో తేల్చిన లెక్క చూడండి. డీఈఎస్ సోకిన కూతుళ్లలో నూటికి 33 మందికి సంతానం కలగడంలో ఇబ్బంది వచ్చింది, సోకనివారిలో 15 మందికే. నెలలు నిండకుండా కాన్పయినవారు అటు 53 మంది, ఇటు 18 మంది. కొడుకుల్లో కూడా వృషణాలు కిందికి దిగకపోవడం లాంటివి కొంత ఎక్కువగా కనిపించాయి.

డీఈఎస్ కథ ముగిసింది, ప్రశ్న ముగియలేదు. మందు కాకపోయినా హార్మోన్ల పనిలో వేలు పెట్టే రసాయనాలు బయట చాలా ఉన్నాయి. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే, సెంట్ల వాసన నిలిపే థాలేట్లు వాటిలో ఒక రకం. గర్భిణి ఎలుకలకు వాటిని ఎక్కువగా ఇస్తే మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ పడిపోతుంది. షన్నా స్వాన్ 2005లో మనుషుల్లో చూశారు. మూత్రంలో థాలేట్లు ఎక్కువున్న తల్లుల కొడుకులకు మలద్వారానికీ జననాంగానికీ మధ్య దూరం తక్కువగా ఉంది. మగపిల్లల్లో ఈ దూరం ఆడపిల్లలకంటే దాదాపు రెట్టింపు ఉండాలి. అది తగ్గిందంటే కడుపులో మగ హార్మోన్ చాలలేదేమోనని అనుమానించాలి. డీఈఎస్ మీద ఉన్నంత గట్టి రుజువు దీని మీద లేదు. అయినా జాగ్రత్త పడడానికి ఇది చాలు.

మగపిండంలో ఈ హార్మోన్ పని చేసే కీలక సమయం సుమారు 8 నుంచి 14 వారాల మధ్య అని అంచనా. మా ఓపీకి మొదటిసారి వచ్చేసరికి చాలామందికి అందులో సగం గడిచిపోయి ఉంటుంది. మొన్న ఒక అత్తాకోడళ్లు వచ్చారు. కోడలికి మూడో నెల. అత్తగారు చీర కొంగు ముడి విప్పి, సగం కత్తిరించిన మాత్రల అట్ట బల్లమీద పెట్టింది. పేరున్న భాగం కత్తిరింపులో పోయింది.

"ఇదేం మందు పెద్దమ్మా?"

"నిలబడ్డానికమ్మా. మా ఊళ్లో ఇచ్చారు."

"చీటీ ఏది?"

"చీటీ ఇవ్వలేదమ్మా. మా పెద్దకోడలూ ఇవే వాడింది, పిల్లాడు బంగారంలా ఉన్నాడు."

పిల్లాడికి రెండేళ్లట. బోస్టన్ అమ్మాయిలూ రెండేళ్లప్పుడు బంగారంలాగే ఉన్నారు.

దీన్ని చదివి, డాక్టరు రాసిన ప్రొజెస్టిరాన్ మాత్రలు ఆపేయకండి. అది డీఈఎస్ కాదు, వేరే హార్మోను, అవసరమున్నచోటే రాస్తాం. అనుమానముంటే ఎందుకు రాశారని అడగండి, అడగడం మీ హక్కు. పేరు తెలియని మాత్ర మాత్రం మింగొద్దు. నెల తప్పిందని అనుమానం రాగానే, ఇంకా చెప్పాలంటే పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే, వేడి సాంబారు, టీ ప్లాస్టిక్ కవర్లలో కట్టించుకోవడం మానండి. వేడి, నూనె తగిలితే అందులోని రసాయనాలు తేలిగ్గా తిండిలోకి దిగుతాయి. స్టీలు క్యారేజీ పట్టుకెళ్లండి. పొలంలో పురుగుమందు కొట్టే రోజు గర్భిణి అటు వెళ్లకూడదు, ఆ బట్టలూ ఆమె ఉతకకూడదు.

ఇంకొక పని, దీనికి పైసా ఖర్చు లేదు. ఆ తొమ్మిది నెలల్లో వాడిన ప్రతి మందు పేరు, ఏ నెలలో వాడారో రాసి, స్కానింగ్ రిపోర్టులతో పాటు బిడ్డ జనన ధ్రువపత్రం ఉన్న ఫైల్లోనే పెట్టండి. బోస్టన్‌లో చిక్కుముడి వీడింది ఒక తల్లికి మందు పేరు గుర్తుండబట్టి. మన పిల్లల విషయంలో రేపు ఏ డాక్టరైనా అడిగితే, కత్తిరించిన అట్టముక్క జవాబు చెప్పదు.